తొమ్మిది టికెట్లు, ఒక ఉత్తరం: హెల్ప్‌డెస్క్ నుంచి ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగానికి

హెల్ప్‌డెస్క్ నుంచి ప్రభుత్వ సైబర్ భద్రతా ఉద్యోగంలోకి మారిన ఒకామె కథ ఇది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఆమె ఎవరో, ఏ విభాగంలో పనిచేస్తోందో తెలిసిపోయే వివరాలు తీసేశాను. కొన్ని అంకెలు మార్చాను. ఆమె చేసిన పని, నేనిచ్చిన సలహాలు, మా ఇద్దరి తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేను 16 ఏళ్లుగా సెక్యూరిటీ మానిటరింగ్‌లో ఉన్నాను. అందులో సగానికి పైగా ప్రభుత్వ నెట్‌వర్కులకు కాపలా కాసే బృందాల్లోనే గడిచింది. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లకు కొన్నేళ్లుగా దారి చూపుతున్నాను. ఈమె చేరాలనుకున్న విభాగంతో నాకు ఏ సంబంధమూ లేదు, ఎంపికలో నా పాత్ర కూడా లేదు.

మొదటిసారి కలిసినప్పుడు

వయసు 31. ఒక మధ్యస్థాయి సంస్థలో, ఉద్యోగుల కంప్యూటర్ సమస్యలు చూసే హెల్ప్‌డెస్క్‌లో నాలుగేళ్ల అనుభవం. ఈ రంగంలో మొదటి మెట్టుగా రాసే సెక్యూరిటీ ప్లస్ పరీక్ష పాసైంది. 90 నిమిషాల్లో 90 ప్రశ్నల దాకా ఉండే ఆ పరీక్షలో 900కి 750 రావాలి, ఆమెకు అంతకంటే బాగానే వచ్చింది. మరో రెండు ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు ఉన్నాయి. 14 నెలల్లో 61 దరఖాస్తులు పెట్టింది. రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, రెండూ మొదటి రౌండులోనే ఆగిపోయాయి.

"సార్, నాకు సీఐఎస్‌ఎస్‌పీ లేకపోవడమే అడ్డం అనుకుంటున్నాను. దానికి ఐదేళ్ల అనుభవం కావాలంటారు. అనుభవానికి ఉద్యోగం కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది.

సీఐఎస్‌ఎస్‌పీ అంటే అనుభవమున్న సైబర్ భద్రతా నిపుణులకిచ్చే సర్టిఫికెట్. ఆమె విన్నదాంట్లో సగం నిజం ఉంది. సీఐఎస్‌ఎస్‌పీ పూర్తి హోదాకు ఎనిమిది విభాగాల్లో కనీసం రెండింటిలో ఐదేళ్ల పని ఉండాలి. డిగ్రీకో, గుర్తింపు పొందిన మరో సర్టిఫికెట్‌కో ఒక ఏడాది మినహాయింపు ఇస్తారు. అయితే అనుభవం లేకుండానే పరీక్ష రాయొచ్చు. పాసైతే అసోసియేట్ అంటారు, అనుభవం పూర్తి చేసుకోవడానికి ఆరేళ్ల గడువుంటుంది. ఈ సంగతి చెప్పాక ఆమె ముఖంలో కాస్త వెలుగు కనిపించింది. కానీ అసలు అడ్డంకి అది కాదని అప్పటికి నాకూ తెలియదు.

వృథా అయిన రెండు నెలలు

నేను మొదట తప్పు సలహా ఇచ్చాను. ఆమె రెజ్యూమె చదివి, చేతిపని తక్కువగా ఉందనుకున్నాను. పెనెట్రేషన్ టెస్టింగ్, అంటే లోపాలు వెతకడానికి అనుమతితో దాడి చేసి చూడడం, దాని ల్యాబులు చేయమన్నాను. రెండు నెలల పాటు రోజూ రాత్రి పది నుంచి పన్నెండు దాకా కూర్చుని చేసింది. మరో 11 దరఖాస్తులు పెట్టింది. ఒక్క పిలుపూ రాలేదు.

ఆమె దరఖాస్తు చేస్తున్న పోస్టుల ప్రకటనలు అప్పుడు కూర్చుని చదివాను. మొదటి రోజే చేయాల్సిన పని అది. 'సమాచార భద్రతా అధికారి', 'టెక్నికల్ ఆఫీసర్', 'సైబర్ విశ్లేషకులు' అంటూ పేర్లు రకరకాలుగా ఉన్నాయి. పేరు చూసి పని పోల్చుకోవడం ఈ రంగంలో కష్టం. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో నైస్ ఫ్రేమ్‌వర్క్ ప్రచురించింది. అందులో సైబర్ భద్రతా పనిని 52 పాత్రలుగా విడదీసి, ఒక్కో పాత్రలో చేసే పనులేమిటో, వాటికి ఏం తెలిసుండాలో రాశారు. 2020లో దాన్ని సవరించారు. యూరోపియన్ యూనియన్ సైబర్ భద్రతా సంస్థ ఎనీసా 2022లో 12 పాత్రలతో ఇలాంటిదే తెచ్చింది. ఏ దేశంలో ఉద్యోగం వెతికేవాళ్లకైనా ఈ రెండూ డిక్షనరీలా పనికొస్తాయి. ప్రకటనలోని పనుల పక్కన పెట్టి చూస్తే, ఆమె కోరుకుంటున్న పోస్టుల్లో ముప్పాతిక వంతు మానిటరింగ్, ఘటనల విచారణ. దాడి చేయడం తెలిసినవాళ్లను వాళ్లు వెతకడం లేదు. లాగ్ (కంప్యూటర్లు తమలో జరిగినవాటిని నమోదు చేసే చిట్టా) చదివి, చూసింది చూసినట్టు రాయగలవాళ్లు కావాలి వాళ్లకు.

ఇది చెప్పి, నా సలహా తప్పని ఒప్పుకున్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లాగులైతే నేను రోజూ చూస్తూనే ఉంటాను కదా సార్" అంది.

ఒక ఉదయం తొమ్మిది టికెట్లు

రెజ్యూమెలో ఒక లైను ఉంది: "యూజర్ల పాస్‌వర్డ్, లాగిన్ సమస్యల పరిష్కారం." నేను దాన్ని రెండుసార్లు దాటేసి చదివాను, ఏ బోర్డు సభ్యుడైనా దాటేస్తాడు. లాగుల మాట వచ్చాక ఒక ఉదాహరణ చెప్పమంటే, దాని వెనక ఉన్నది బయటికొచ్చింది.

ఒక రోజు ఉదయం ఆఫీసు తెరిచేసరికే తొమ్మిది మంది అకౌంట్లు లాక్ అయ్యాయి. నాలుగు వేర్వేరు విభాగాలవాళ్లు. ఒక్కో ఫిర్యాదూ ఒక టికెట్‌గా నమోదవుతుంది. లాక్ తీసేసి టికెట్ మూసేయడం హెల్ప్‌డెస్క్‌లో మామూలు. ఈమె ముందు, సంస్థలోని అందరి లాగిన్లనూ సరిచూసే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్‌లో 4740 ఈవెంట్లు చూసింది. విండోస్‌లో అకౌంట్ లాక్ అయినప్పుడు పడే నంబరు అది, ఏ కంప్యూటర్ నుంచి వచ్చిన ప్రయత్నంతో లాక్ అయిందో కూడా అందులో ఉంటుంది. తొమ్మిదింటికీ ఒకటే పేరుంది: మెయిల్ సర్వర్.

నెట్‌వర్క్ బృందానికి పంపితే, ఫోన్లలో పాత పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటుంది, అదే పదేపదే ప్రయత్నిస్తోంది అన్నారు. సహేతుకమైన జవాబే. చాలాసార్లు కారణం అదే ఉంటుంది. ఆమె ఆ తొమ్మిదింటినీ సమయం ప్రకారం వరుసలో పెట్టింది. పేర్లు అక్షర క్రమంలో వచ్చాయి. టికెట్‌లో ఆమె రాసిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఫోన్లే కారణమైతే అక్షర క్రమం ఎందుకు వచ్చింది?"

బయటి నుంచి ఎవరో ఉద్యోగుల పేర్ల జాబితా పట్టుకుని, ఒక్కో అకౌంట్‌కు ఒకటి రెండు మామూలు పాస్‌వర్డులు వేసుకుంటూ పోతున్నారు. దీన్ని పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. ఇన్ని తప్పు ప్రయత్నాలు పడితే అకౌంట్ లాక్ అవ్వాలని ఒక లాకౌట్ పరిమితి ఉంటుంది. ఒక్కో అకౌంట్‌కు ప్రయత్నాలు తక్కువ కాబట్టి ఆ పరిమితి దాటదు, ఎవరికీ తెలియదు. కానీ ఫోన్‌లో పాత పాస్‌వర్డ్ ఉన్నవాళ్ల లెక్క అప్పటికే పరిమితి అంచున ఉంటుంది. దాడి చేసేవాళ్లు వేసిన ఆ ఒక్క ప్రయత్నంతో వాళ్ల అకౌంట్ లాక్ అయిపోతుంది. అంటే నెట్‌వర్క్ బృందం చెప్పిన ఫోన్ల సంగతి కూడా నిజమే. ఆ ఫోన్ల వల్లే దాడి బయటపడింది. మెయిల్ సర్వర్ లాగులు తీస్తే ఒకే బయటి చిరునామా నుంచి వరుసగా అందరి మీదా ప్రయత్నాలు కనిపించాయి. కొన్ని పాస్‌వర్డులు మార్చారు, వెబ్‌మెయిల్‌కు రెండో అంచె ధ్రువీకరణ పెట్టారు.

ఇంత పని చేసిన మనిషి తన రెజ్యూమెలో "పాస్‌వర్డ్ సమస్యల పరిష్కారం" అని రాసుకుంది. ఎందుకని అడిగితే, "నా డెసిగ్నేషన్‌లో సెక్యూరిటీ అనే మాట లేదు కదా" అంది. ఇలాంటి మాట నేను చాలామంది నోట విన్నాను. విన్నప్పుడల్లా బాధేస్తుంది.

దరఖాస్తును మళ్లీ రాయడం

ఆమె ఉత్సాహంగా ఆ రోజు లాగుల స్క్రీన్‌షాట్లు పంపబోయింది. వద్దన్నాను. అవి ఆమె సంస్థవి. ఒక యజమాని లాగులు ఇంకొకరికి చూపి ఉద్యోగం అడిగితే, రేపు మన లాగులూ ఇలాగే బయటికి పోతాయని బోర్డు అనుకోవాలి. ఆమె తన మేనేజర్‌ను నేరుగా అడిగింది: ఈ ఘటన గురించి ఎంతవరకు చెప్పుకోవచ్చు? పద్ధతి చెప్పొచ్చు, సర్వర్ల పేర్లూ ఎన్ని అకౌంట్లు దెబ్బతిన్నాయన్నదీ చెప్పొద్దు అన్నారాయన. ఆ హద్దులోనే రాశాం. ఈ వ్యాసమూ ఆ హద్దులోనే ఉంది, అంకెలు మార్చింది అందుకే. అడిగినందుకు ఆయన రిఫరెన్స్ ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నారు.

ప్రభుత్వ పోస్టుల దరఖాస్తు ప్రైవేటు రెజ్యూమెలా ఉండదు. చాలాచోట్ల ప్రకటనలో ఇచ్చిన ఒక్కో అర్హతకు విడిగా మార్కులు వేస్తారు. కాగితం మీద లేనిదానికి, సభ్యుడికి తెలిసినా సరే, మార్కు వేయకూడదు. నేను బోర్డులో ఉన్నప్పుడు మంచి అభ్యర్థులు ఇలా పోవడం చూశాను. అందుకే మేం ప్రకటనలోని ప్రతి లైనుకూ ఎదురుగా ఆమె చేసిన ఒక పనిని రాశాం. 'లాగులను విశ్లేషించే సామర్థ్యం' అన్నచోట ఆమె పాత దరఖాస్తులో "నెట్‌వర్క్ భద్రతపై మంచి అవగాహన ఉంది" అని ఉండేది. కొత్తదాంట్లో ఇలా రాసింది: "ఒకే ఉదయం వేర్వేరు విభాగాల అకౌంట్లు లాక్ అవడం గమనించి, 4740 ఈవెంట్లను సమయ క్రమంలో పరిశీలించాను. పేర్ల వరుసను బట్టి పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అని అనుమానించి, ఆధారాలతో పై బృందానికి పంపాను. విచారణలో అది నిర్ధారణ అయింది." మూడు వాక్యాలు. తనను పొగుడుకునే విశేషణం ఒక్కటీ లేదు.

అనుభవంలో లేనివి రెండు మూడు ఉన్నాయి. వాటికోసం ఇంట్లో రెండు వర్చువల్ మెషీన్లతో (ఒకే కంప్యూటర్‌లో నడిచే నకలు కంప్యూటర్లతో) ఆఫీసు నెట్‌వర్క్ లాంటి చిన్న డొమైన్ పెట్టుకుంది. విండోస్‌లో ఏం జరుగుతోందో వివరంగా లాగ్ చేసే సిస్‌మాన్ వేసి, తనే కావాలని తప్పుడు లాగిన్లు, అనుమానాస్పద ప్రాసెస్‌లు సృష్టించి, వారానికి ఒక పేజీ విచారణ నివేదిక రాసింది. నాకు తెలిసింది, నేను ఊహిస్తున్నది, ఇంకా తెలియనిది అని మూడు భాగాలుగా రాయమన్నాను. మొదటి నివేదికలో మూడూ కలిసిపోయాయి. ఐదోదానికి విడిపోయాయి. పెనెట్రేషన్ ల్యాబులు చేసిన రెండు నెలల కంటే ఈ ఐదు పేజీలే ఆమెకు ఎక్కువ పనికొచ్చాయని నా అభిప్రాయం.

ఈ పద్ధతిలో ఏడు దరఖాస్తులే పెట్టింది. మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. అంత తక్కువ సంఖ్యతో పద్ధతి వల్లే వచ్చాయని నేను ఒట్టేసి చెప్పలేను.

ఇంటర్వ్యూ

మూడోది ప్రభుత్వ సైబర్ విభాగంలో మానిటరింగ్ పోస్టు. అందరికీ అవే ప్రశ్నలు, ముందే నిర్ణయించిన మార్కులు. సభ్యులు నవ్వరు, తల ఊపరు. దానికి కంగారు పడొద్దని ముందే చెప్పాను. అది కోపం కాదు, అందరితో ఒకేలా ఉండాలన్న నియమం.

ప్రధాన ప్రశ్న ఇది: ఒక అకౌంట్‌కు రాత్రి 40 సార్లు తప్పు పాస్‌వర్డ్ పడింది, 41వ సారి లాగిన్ అయింది, మీరేం చేస్తారు? ఆమె మొదట ఎదురు ప్రశ్న వేసింది. ఆ అకౌంట్‌కు లాకౌట్ పెట్టలేదా? పెట్టి ఉంటే 40 ఎలా పడ్డాయి, గంటల తరబడి విడివిడిగా పడ్డాయా? తర్వాత వరుసగా చెప్పింది: అది మనిషి అకౌంటా, ప్రోగ్రాములు వాడే సర్వీస్ అకౌంటా? ఈ మధ్య దాని పాస్‌వర్డ్ మార్చారా? ప్రయత్నాలు ఎక్కడి నుంచి? 41వ లాగిన్ తర్వాత ఆ అకౌంట్ ఏం చేసింది? అకౌంట్ ఆపే అధికారం నాకుందా, ఎవరిని అడగాలి?

విండోస్ డొమైన్‌లో లాగిన్‌లను సరిచూసే పద్ధతి కెర్బరోస్. తప్పు పాస్‌వర్డ్‌తో దాని ముందస్తు ధ్రువీకరణ విఫలమైనప్పుడు డొమైన్ కంట్రోలర్‌లో పడే నంబరేది అని ఒకరు అడిగారు. జవాబు 4771. ఆమెకు విఫలమైన లాగిన్‌కు మామూలుగా పడే 4625 మాత్రమే తెలుసు. "ఆ నంబరు నాకు తెలియదు. నా ల్యాబులో తప్పు పాస్‌వర్డ్ వేసి, ఆ నిమిషంలో కంట్రోలర్‌లో ఏం పడిందో చూసి తెలుసుకుంటాను" అంది. ఇంటికొచ్చి ఆ రాత్రే చూసి నాకు మెసేజ్ పెట్టింది. పోస్టు వస్తుందనే నమ్మకం నాకు ఆ మెసేజ్ చూశాకే కలిగింది.

దాచిన తొమ్మిది నెలలు

ఎంపికైనట్టు షరతులతో లేఖ వచ్చింది. దాంతోపాటు నేపథ్య పరిశీలన ఫారం. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

హెల్ప్‌డెస్క్ కంటే ముందు ఆమె ఇంకో సంస్థలో పనిచేసింది. అక్కడ నెలాఖరు పని ఒత్తిడిలో సహోద్యోగికి తన పాస్‌వర్డ్ ఇచ్చింది. అది బయటపడి ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఖాళీ. రెజ్యూమెలో ముందు ఉద్యోగం తేదీని వెనక్కూ తర్వాతిదాన్ని ముందుకూ జరిపి ఆ తొమ్మిది నెలలు కనిపించకుండా చేసింది. ఆ తేదీలతోనే దరఖాస్తు వెళ్లిపోయింది. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. తేదీలు సరిచూసుకున్నారా అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు.

ఫారంలోనూ అవే తేదీలు వేస్తే సరిపోతుందా అని అడిగింది. లేదని చెప్పాను. పన్ను, జీతం రికార్డుల నుంచి పాత యజమానుల దాకా అన్నీ చూస్తారు. దొరికితే పోస్టు పోవడమే కాదు, మళ్లీ దరఖాస్తు చేసే దారి కూడా చాలాకాలం మూసుకుపోవచ్చు. దొరకకపోతే ఇంకా ప్రమాదం, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ రహస్యం తెలిసినవాళ్లు ఆమె మీద ఒత్తిడి తేగలరు. పరిశీలన చేసేవాళ్లు వెతికేది ముఖ్యంగా అలాంటి బలహీనతనే. అమెరికాలో రహస్య సమాచార అనుమతులకు 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో 13 అంశాలు చూస్తారు. అందులో వ్యక్తిగత ప్రవర్తన ఒకటి. ఫారంలో కావాలని దాచడం అక్కడ పెద్ద లోపం. అదే చోట, అవతలివాళ్లు నిలదీయకముందే తనంతట తాను వెంటనే సరిదిద్దుకుంటే దాన్ని అనుకూలంగా చూడొచ్చని కూడా రాసి ఉంది. ఆమె దరఖాస్తు చేసిన చోట నియమాలు వేరు, కానీ ఈ ఆలోచన చాలాచోట్ల ఉంది.

ఆ సాయంత్రం ఫారంలో అసలు తేదీలు వేసింది. వేరే కాగితం మీద ఇలా రాసింది:

"నా దరఖాస్తులో రెండు ఉద్యోగాల తేదీలు తప్పుగా ఇచ్చాను. సరైనవి ఈ ఫారంలో ఉన్నాయి. మధ్యలో తొమ్మిది నెలలు నాకు ఉద్యోగం లేదు. సహోద్యోగికి నా పాస్‌వర్డ్ ఇచ్చినందుకు మొదటి ఉద్యోగం నుంచి నన్ను తొలగించారు. అది నా తప్పు. తేదీలు మార్చడం కూడా పొరపాటున జరిగింది కాదు, తెలిసే చేశాను."

చివరి వాక్యం నేను చెప్పింది కాదు. "పొరపాటున పడ్డాయి అని రాయొచ్చు కదా" అని ఆమె ఇంట్లోవాళ్లు అన్నారట. ఆమె ఒప్పుకోలేదు.

తర్వాత ఐదు నెలలు నిర్ణయం గురించి ఒక్క కబురు లేదు. ఈ ఎదురుచూపు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఫోన్ చేస్తే ప్రాసెస్‌లో ఉంది అంటారు. ప్రభుత్వ భద్రతా పోస్టుల్లో నెలలు పట్టడం మామూలే, ఆలస్యమైనంత మాత్రాన తిరస్కరించినట్టు కాదు. తుది ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయొద్దని గట్టిగా చెప్పాను. ఒక దశలో ఆమె ఆశ వదులుకుంది. రెండుసార్లు పిలిచి మాట్లాడారు. రెండోసారి గంటన్నర పాటు ఆ పాస్‌వర్డ్ సంగతే అడిగారు. ఆరో నెలలో ఉత్తర్వు వచ్చింది.

చేరిన తర్వాత

మొదటి మూడు నెలలు రాత్రి షిఫ్టులు. వచ్చే అలర్టుల్లో ఎక్కువ భాగం తప్పుడువే. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లను మొదట కుంగదీసేది ఇదే. పట్టుకునేది ఏమీ లేదనిపిస్తుంది. ఆమె మాత్రం మూసేసిన ప్రతి అలర్టుకూ ఎందుకు మూశానో ఒక వాక్యం రాసింది. తర్వాతి షిఫ్టువాళ్లు వాటిని చదవడం మొదలుపెట్టారు.

తొమ్మిదో నెలలో ఒక డిటెక్షన్ రూల్, అంటే ఎప్పుడు అలర్టు మోగించాలో చెప్పే నియమం, రాసింది. అప్పటిదాకా ఉన్న రూల్ ఒక అకౌంట్‌కు ఎన్ని తప్పు ప్రయత్నాలు వచ్చాయో లెక్కపెట్టేది. ఆమె రూల్ ఒక చిరునామా నుంచి ఎన్ని వేర్వేరు అకౌంట్ల మీద ప్రయత్నం జరిగిందో లెక్కపెడుతుంది. దాడి పద్ధతులకు నంబర్లిచ్చే మైటర్ సంస్థ అటాక్ జాబితాలో టీ1110.003గా ఉన్న స్ప్రేయింగ్‌ను పట్టడానికి ఇది దగ్గరి దారి. తొమ్మిది టికెట్ల ఉదయం నేర్చుకున్నదే మళ్లీ ఇక్కడ పనికొచ్చింది.

ఏడాదిన్నరకు పాలసీ విభాగంలో పై పోస్టుకు దరఖాస్తు చేసింది, రాలేదు. ఇతర శాఖలతో కలిసి పనిచేసినట్టు ఆధారం లేదని మార్కుల పత్రంలో ఉంది. అది న్యాయమైన కారణమే. రెండేళ్లు దాటాక ఘటనల విచారణ బృందంలోకి మారింది. అక్కడ పగలంతా ఇతర శాఖల వాళ్లతోనే పని. సీఐఎస్‌ఎస్‌పీ పరీక్ష పాసై ప్రస్తుతం అసోసియేట్‌గా ఉంది.

ఈ మధ్య ఆమె నేపథ్యాన్ని మళ్లీ పరిశీలించారు. అదే ఫారం, గతంలో ఏదైనా ఉద్యోగం నుంచి తొలగించారా అన్న అదే ప్రశ్న. పాత ఉత్తరం నకలు దగ్గర పెట్టుకుంది. అందులోని వాక్యాలే మళ్లీ రాసి, కింద కొత్త తేదీ వేసి పంపింది.